జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంచడం ఇంకా అవసరమా?

ఆకెన్_కొత్తవాడు

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం ఈ సెమిస్టర్‌లోనే జర్మనీ సరిహద్దు ఊరు ఆకెన్‌కి వచ్చాను. శనివారం చీకటిపడే దాకా ల్యాబ్‌లోనే గడిచిపోతుంది. ఆదివారం వంట మొదలుపెడితే ఇంట్లో పప్పుండదు, ఉల్లిపాయలుండవు. సూపర్ మార్కెట్లన్నీ మూతే. బేకరీలు కొన్ని గంటలు తెరుస్తారు. స్టేషన్‌లోని కొట్లూ పెట్రోల్ బంకులూ ఉంటాయి కానీ అక్కడ ధరలు మండిపోతున్నాయి. విచిత్రం ఏమిటంటే ఇక్కడ బస్సెక్కితే కాసేపట్లో సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోని ఫాల్స్‌లో దిగొచ్చు. అక్కడ ఆదివారం కూడా సరుకులు దొరుకుతాయి. ఆకెన్ వాళ్లు సంచులు పట్టుకుని అక్కడికే వెళ్తున్నారు. చర్చికి వెళ్లేవాళ్లే తగ్గిపోయారు కదా, మరి ఈ రూల్ ఎవరి కోసం? మీరేమంటారు?

రైన్_తీరం

తమ్ముడూ, నాదీ అదే మాట. మా ఇంట్లో ఇద్దరమూ ఫుల్ టైమ్ ఉద్యోగం. శనివారమంతా సరుకులకీ, ఖాళీ సీసాలు మెషీన్‌లో వేసి డిపాజిట్ డబ్బు వెనక్కి తీసుకునే క్యూకే సరిపోతుంది. ఇక విశ్రాంతి ఎక్కడ?

ఈ రూల్ ఏమీ రాతిమీద చెక్కింది కాదు. 1956లో దుకాణాల మూసివేత చట్టం వచ్చింది. చాలాకాలం మామూలు రోజుల్లో సాయంత్రం 6:30కి, శనివారం మధ్యాహ్నం 2 గంటలకి షట్టర్లు దించేసేవాళ్లు. 1996లో మామూలు రోజుల్లో రాత్రి 8 దాకా, శనివారం సాయంత్రం 4 దాకా పెంచారు. 2003లో శనివారం కూడా 8 దాకా అయింది. 2006లో ఆ అధికారం రాష్ట్రాల చేతికిచ్చారు. పెంచిన ప్రతిసారీ ఆకాశం ఊడిపడుతుందన్నారు, ఏమీ కాలేదు. ఆదివారం జనం సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్లు పెట్టుకుంటుంటే, నష్టపోయేది ఊరి నడిబొడ్డున అద్దె కట్టుకుని కూర్చున్న చిన్న షాపువాడే. నర్సులు, ట్రామ్ డ్రైవర్లు, హోటల్ వాళ్లు ఆదివారం పని చేస్తూనే ఉన్నారు. ఒక్క షాపుల వాళ్లకే ఈ మినహాయింపు ఎందుకు?

కౌంటర్_అక్క

నేను ఒక సూపర్ మార్కెట్‌లో పార్ట్ టైమ్ చేస్తున్నాను, బిల్లింగ్ కౌంటర్‌లో. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి.

ముందు చర్చి సంగతి. ఆదివారానికి రక్షణ రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి జర్మనీ పాత రాజ్యాంగం (వైమార్ రాజ్యాంగం) 139వ అధికరణ ఆదివారాన్నీ గుర్తింపు పొందిన సెలవులనూ పనినుంచి విశ్రాంతి కోసం, మనసుకు ఉన్నతి కోసం కాపాడాలంది. ఇప్పుడు అమల్లో ఉన్న 1949 రాజ్యాంగం 140వ అధికరణ దాన్ని అలాగే కొనసాగించింది. విశ్రాంతి అనే మాట అందులోనే ఉంది, దేవుణ్ణి నమ్మనివాడికీ అది వర్తిస్తుంది. బెర్లిన్ ప్రభుత్వం క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ వరసగా షాపులు తెరవనిస్తే కేథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిలు కేసు వేశాయి. 2009 డిసెంబర్ 1న రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని తీర్పిచ్చింది. షాపువాడి అమ్మకాల మీది ఆశ, కొనేవాడి షాపింగ్ సరదా, ఈ రెండే ఆదివారం తెరవడానికి తగిన కారణాలు కావంది. చర్చిలతో పాటు వెర్డి కార్మిక సంఘం కూడా ఇదే పక్షాన నిలబడుతోంది. భక్తులూ కార్మికులూ ఒకే మాట మీద ఉండడం ఎంత అరుదో మీకు తెలుసు.

ఇక నర్సుల సంగతి. రోగి ఆదివారం ఆగడు. పప్పు ఆగుతుంది. పైగా ఆదివారం పని చేయించే చోట కూడా ఏడాదికి కనీసం 15 ఆదివారాలు ఖాళీ ఇవ్వాలని పనిగంటల చట్టం చెబుతోంది. తప్పనిసరి పనులకే కదా ఆ మినహాయింపు? మనకి సౌకర్యంగా ఉంటుందని దాన్నే అందరికీ రూల్ చేస్తామా?

వారంలో మరో రోజు సెలవు ఇస్తే చాలదా అని అడుగుతారు. నా పక్క కౌంటర్ ఆమె పిల్లణ్ణి ఒంటరిగా పెంచుకుంటోంది. మంగళవారం సెలవిస్తే ఆ రోజు వాడు కిండర్‌గార్టెన్‌లో ఉంటాడు. ఆదివారం పనిలో పెడితే కిండర్‌గార్టెన్‌కి సెలవు, బిడ్డను ఎవరి దగ్గర వదలాలి? ఇష్టమున్నవాళ్లే వస్తారంటారు. షిఫ్ట్‌ల చార్ట్ గోడకి అంటించాక ఎవరి ఇష్టం ఎంతవరకు సాగుతుందో కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

సెలవు అందరికీ ఒకేసారి రావడంలోనే ఉంది అసలు విలువ. ఆదివారం ఊళ్లో చూడండి. పిల్లల ఫుట్‌బాల్ క్లబ్ ఆటలు, చెరువు చుట్టూ మూడు తరాలు కలిసి నడక, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకి ఎవరింట్లోనో కాఫీ, కేకు. ఇళ్లున్న చోట ఆ రోజు గడ్డి కోసే మెషీన్ వాడకూడదు. మా వీధి చివర పాత సీసాలు వేసే పెద్ద డబ్బా మీద, ఏ రోజుల్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా వేయాలో అచ్చు వేసి ఉంటుంది. అందులో ఆదివారం ఉండదు. సీసా పగిలే చప్పుడు పక్కవాళ్ల నిద్ర చెడగొడుతుందని. మొదట్లో నాకూ టెన్షన్‌గా ఉండేది, ఈ నిశ్శబ్దానికి. ఇప్పుడు మా అమ్మతో తీరిగ్గా వీడియో కాల్ మాట్లాడేది ఆ రోజే.

రైన్_తీరం

అక్కా, మీ పక్క కౌంటర్ ఆమె కష్టం కాదనను. కానీ ఆదివారం చేసే పనికి అదనంగా ఇచ్చే జీతంలో మూల వేతనం మీద 50 శాతం దాకా పన్ను ఉండదు. ఆ డబ్బు కావాలనుకునే విద్యార్థులు ఎంతమంది లేరు! వాళ్లను చేయనివ్వచ్చు కదా. నెలకొక్క ఆదివారమైనా తెరవాలి. ఇప్పుడు ఏదో ఊరి సంతో పండగో ఉంటే తప్ప తెరవనివ్వరు. ఏడాదిలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బెర్లిన్_బాబాయ్

మా దగ్గర వీధి మూల ష్పేటీ కొట్లున్నాయి, అంటే రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే చిన్న కొట్లు. మామూలుగా అవీ ఆదివారం మూయాలి, అయినా చాలా కొట్లు తెరిచే ఉంటాయి. పాలకీ గుడ్లకీ పేచీ లేదు. తమ్ముడూ, నువ్వు శుక్రవారం రాత్రే వెళ్లు, శనివారం సాయంత్రం మాత్రం వద్దు. సోమవారం కూడా పండగ సెలవైతే రెండు రోజులకి సరిపడా తెచ్చుకో.

ఆకెన్_కొత్తవాడు

థాంక్స్ బాబాయ్. అక్కా, మీరు చెప్పాక పని చేసేవాళ్ల వైపు నుంచి ఆలోచించాను. మరి హెస్సే రాష్ట్రంలో మనుషులే లేని చిన్న ఆటోమేటిక్ షాపులు వచ్చాయట కదా. కార్డు పెట్టి లోపలికెళ్లి మనమే స్కాన్ చేసుకుని రావడమే. వాటికీ అభ్యంతరమేనా?

కౌంటర్_అక్క

వాటిమీద పెద్ద గొడవే జరిగింది. 2023 చివర్లో అక్కడి కోర్టు అవి కూడా దుకాణాలే, ఆదివారం మూయాలంది. 2024లో రాష్ట్రం చట్టం మార్చి, సిబ్బంది లేని చిన్నవాటికి అనుమతిచ్చింది. వెర్డి వ్యతిరేకించింది, కానీ నాకు అవి ఫర్వాలేదు. ఒక్క షరతు. ఆ రోజు అల్మారాలు నింపడానికి గానీ, తుడవడానికి గానీ ఎవర్నీ పిలవకూడదు.

రైన్_తీరం

అలాంటి షాపులు పెరిగితే ముందు పోయేది మీ కౌంటర్ ఉద్యోగాలే. ఆదివారం తెరిచి, మనుషులతో నడిపితే ఆ ఉద్యోగాలు మిగులుతాయి కదా.

కౌంటర్_అక్క

ఆ భయం నాకూ ఉంది. సెల్ఫ్ చెకౌట్ మెషీన్లు మా దగ్గరా వచ్చాయి, అవి వారమంతా పని చేస్తున్నాయి. ఆదివారం మేమొచ్చి కూర్చున్నంత మాత్రాన కంపెనీ వాటిని తీసేయదు. ఉద్యోగం పోతుందన్న బెదిరింపుకి లొంగి ఆదివారం ఇచ్చేస్తే, ఆ తర్వాత రాత్రి పది దాకా అడుగుతారు. నేను ఇవ్వమనను.