రేషియల్ జస్టిస్ ఫెలోషిప్ ఆఫర్ వచ్చింది, వెళ్ళొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఖమ్మం_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేలో ఎంపీపీ (పబ్లిక్ పాలసీ మాస్టర్స్) అయిపోయింది. మిడ్‌వెస్ట్‌లో ఒక ఫౌండేషన్‌లో రెండేళ్ళ ఫెలోషిప్ వచ్చింది. కొత్తగా డిగ్రీ అయినవాళ్ళకే ఇస్తారు. నల్లజాతి వాళ్ళ సంస్థలకి, నేటివ్ అమెరికన్ల సంస్థలకి గ్రాంట్లిచ్చే టీమ్‌లో పని. దరఖాస్తులు చదవాలి, ఆ సంస్థల దగ్గరికి వెళ్ళి చూసి రావాలి, బోర్డుకి నోట్ రాయాలి. ఏడాదికి 58 వేల డాలర్లు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) ఏడాదే, ఫెలోషిప్ రెండేళ్ళు, ఎలా? ఇంటి దగ్గర 38 లక్షల లోన్ ఉంది, ఈ జీతంతో తీర్చగలనా? రెండేళ్ళ తర్వాత ఎక్కడ ఉద్యోగాలొస్తాయి? ఇంకోటి, ప్రకటనలో "రేషియల్ జస్టిస్ ఫెలో" అని ఉంది, ఆఫర్ లెటర్‌లో "కమ్యూనిటీ ఫెలో" అని మార్చారు. భయపడాలా? నాన్న "డేటా అనలిస్ట్ ఉద్యోగం చూసుకోమ్మా" అంటున్నారు. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి.

తొంభై_రోజులు:
మిగతావన్నీ తర్వాత, ముందు వీసా చూసుకో చెల్లీ. ఓపీటీలో 90 రోజులకి మించి ఖాళీగా ఉంటే స్టేటస్ పోతుంది. నాకు 81వ రోజున జాబ్ దొరికింది. ఆ 81 రోజులూ నిద్ర లేదు, అమ్మకి ఫోన్‌లో "బాగున్నా" అని చెప్పి వెంటనే పెట్టేసేవాణ్ణి. యూనివర్సిటీ ఇచ్చిన నీ ఐ-20 ఫారంలో సీఐపీ కోడ్ (కోర్సు కోడ్) చూడు. కొన్ని ఎంపీపీ కోర్సులు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటాయి. ఉంటే ఇంకో 24 నెలలు వస్తాయి. కానీ ఫౌండేషన్‌కి ఈ-వెరిఫై (ఉద్యోగి పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్లాన్ ఫారం నింపి సంతకం పెట్టాలి. చిన్న ఫౌండేషన్లలో హెచ్‌ఆర్ అంటే ఒకే మనిషి, ఆ ఫారం పేరు కూడా విని ఉండకపోవచ్చు. సంతకానికి ముందే అడుగు.

పద్దుల_పుస్తకం:
"ఫెలో" అనే మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నీకిచ్చేది జీతమా, స్టైపెండా? డబ్ల్యూ-2 (ఉద్యోగులకిచ్చే జీతం, పన్ను పత్రం) వస్తుందా? స్టెమ్ పొడిగింపు కావాలంటే నువ్వు వాళ్ళ ఉద్యోగివి అయి తీరాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌వే, కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు. 58 వేల మీద 7.65 శాతం అంటే ఏడాదికి 4,400 పైనే. పేరోల్ వాళ్ళు తెలియక కోసేస్తుంటారు, మొదటి పేస్లిప్ వచ్చిన రోజే చూసుకో. ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21(2) వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ కూడా వస్తుంది. లోన్ పదేళ్ళకి, 11 శాతం అనుకుంటే ఈఎంఐ 52 వేలు దాటుతుంది, దాదాపు 600 డాలర్లు. రూమ్ షేరింగ్ అయితే కష్టమైనా కట్టొచ్చు.

ఎర్రమట్టి_దారి:
నేను 2019 నుంచి 2021 దాకా ఇలాంటి ఫెలోషిప్పే చేశాను, దక్షిణాది రాష్ట్రాల్లో. పని ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి చెప్తాను.

అలబామాలో మేకన్ కౌంటీ. చర్చి కింద చిన్న గది. సాయంత్రం పిల్లలకి అన్నం పెట్టి చదువు చెప్పే కేంద్రం అది. నడిపే పెద్దావిడకి డెబ్భై దాటాయి. మేమిచ్చేది 15 వేల డాలర్లు, మా దరఖాస్తు 31 పేజీలు. ఆవిడ అది పక్కన పెట్టి, అట్ట ఊడిన నోట్‌బుక్ నా ముందు తెరిచింది. ఏ రోజు ఎంతమంది పిల్లలు తిన్నారో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో అంతా పెన్సిల్‌తో రాసుకుంది. "చెల్లికి జ్వరం", "బూట్లు లేవు", "నాన్న వచ్చి తీసుకెళ్ళాడు". "ఇదంతా ఆ ఫారంలో ఎక్కడ రాయాలమ్మా?" అని అడిగింది. నేను ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. అలాంటి గడే లేదు. ఆ రాత్రి మోటెల్‌లో కూర్చుని, ఫారం ఆరు పేజీలకి తగ్గించాలని నోట్ రాశాను. బోర్డు ఒప్పుకోవడానికి తొమ్మిది నెలలు పట్టింది, అది కూడా 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక. నేను చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

తిరిగొచ్చేటప్పుడు పాత రోజెన్‌వాల్డ్ బడి చూపించారు. సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ 1912లో ఇచ్చిన డబ్బుతో టస్కెగీ చుట్టుపక్కల నల్లజాతి పిల్లలకి ఆరు బడులు కట్టారు, చివరికి అవి దాదాపు 5 వేలయ్యాయి. కరెంటు లేని ఊళ్ళు గనక గోడ పొడవునా కిటికీలే. ఆయన ఇచ్చింది కొంతే. మిగతాది ఆ ఊరి రైతులు పత్తి అమ్మిన డబ్బులోంచి చందాలేసుకున్నారు, కలప తోలారు, కూలి లేకుండా పనిచేశారు. బడికి మిగిలింది దాత పేరు.

రెండు_జాబులు:
ఒక్క మాట, తప్పుగా అనుకోవద్దు. మనం ఎవరి దయతోనూ రాలేదు. పొలం తాకట్టు పెట్టి, క్యాంపస్ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగి చదివాం. ఈ రంగు గొడవ మనకెందుకు? నెత్తిన 38 లక్షలు పెట్టుకుని సేవ ఏంటమ్మా? అసలు ఆ కుర్చీలో నల్లజాతి అమ్మాయి కూర్చోవాలి, నువ్వు కాదు. మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్.

ఎర్రమట్టి_దారి:
దయతో రాలేదు, చట్టం మారితే వచ్చాం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో పౌరసత్వం దారి తెరిచినా, ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా. 1965లో ఆ కోటాలు పోయాయి. అదే ఏడాది అలబామాలో సెల్మా వంతెన మీద నల్లజాతి వాళ్ళు ఓటు హక్కు కోసం పోలీసుల చేత తలలు పగలగొట్టించుకున్నారు. మా నాన్న 1974లో హ్యూస్టన్‌లో దిగారు. సెల్మా లేకపోతే ఆ విమానం లేదు.

రెండు_జాబులు:
చరిత్ర పాఠం వద్దండీ. నేను అడిగింది లోన్ గురించి.

కాన్సస్_గాలి:
నేను ఒలేతాకి ఇరవై నిమిషాల దూరంలో ఉంటాను. 2017 ఫిబ్రవరిలో అక్కడ మన శ్రీనివాస్ కూచిభొట్ల మీద కాల్చినవాడు జీఆర్‌ఈ స్కోరు అడగలేదు. ఆ వారమంతా నేను బయట తెలుగు మాట్లాడలేదు, పిల్లల్నీ మాట్లాడనివ్వలేదు. రంగు గొడవ మనకెందుకు అన్న మాట నా ముందు మళ్ళీ అనకండి.

రెండు_జాబులు:
ఆ రోజు అడ్డుపడి తూటా తిన్నది ఒక తెల్లవాడు. అది కూడా చెప్పండి మరి.

కాన్సస్_గాలి:
చెప్తాను. ఆయన ఫొటో మా ఇంట్లో ఉంది.

ఇంటిపేరు_వద్దు:
ఇంటర్వ్యూ వ్యాసం గురించి ఎవరూ అడగలేదు. నీకు ఎదురైన అన్యాయం రాయమంటారు. 2022లో నేను అప్లై చేసినప్పుడు మా మొదటి రూమ్ గురించి రాశాను. నలుగురం, అందరం తెలుగువాళ్ళమే. రెండో రోజు కుక్కర్ పెడుతూ "ఇంటిపేరేంటి బ్రో" అన్నారు. చెప్పాను. తర్వాత ఊరు, ఆ తర్వాత "ఊళ్ళో ఎక్కడ". మూడో వారానికి సింక్ దగ్గర రెండు స్పాంజిలు వచ్చాయి. నీలం నాది, పసుపు వాళ్ళ ముగ్గురిదీ. ఎవరూ ఏమీ అనలేదు, స్పాంజి మాత్రం విడిగా ఉండేది. ప్యానెల్‌లో ఒక నల్లజాతి పెద్దాయన ఆ వాక్యం దగ్గర ఆగారు. "మా అమ్మ పనిచేసిన ఇంట్లో ఆమెకి వేరే కప్పు ఉండేది" అన్నారు. తర్వాత అరగంట ఇద్దరం అదే మాట్లాడుకున్నాం. నాకు సీటొచ్చింది.

పాలపిట్ట_టెక్సస్:
వచ్చేసింది కులం. ఇక్కడ కూడా వదలరా? స్పాంజి రంగు పట్టుకుని ఫెలోషిప్ కొట్టేశారన్నమాట.

ఇంటిపేరు_వద్దు:
కొట్టేయలేదు. రాసింది నిజం, దాన్ని చదివి ఇచ్చారు. "కొట్టేశారు" అన్న మాట వెనక్కి తీసుకోండి.

పాలపిట్ట_టెక్సస్:
రూమ్మేట్స్ అన్నాక వంద గొడవలుంటాయి. శుభ్రత పట్టింపు కూడా కులమేనా? తెల్లవాళ్ళ ముందు మనల్ని మనమే చెడ్డ చేసుకోవడం నాకు నచ్చదు. సియాటిల్‌లో 2023లో అదే చేశారు.

తుంగభద్ర_కాలిఫోర్నియా:
సియాటిల్ కౌన్సిల్ చేసింది కుల వివక్షని నిషేధించడం. మా రాష్ట్రంలో అసెంబ్లీ దాటిన అలాంటి బిల్లు ఎస్‌బీ 403ని అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. వివక్ష లేనివాళ్ళకి నిషేధంతో ఏం నష్టమండీ? అంబేడ్కర్ 1913లో కొలంబియాకి వచ్చింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతోనే. ఆయన 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు, అంటరానివాళ్ళ పరిస్థితీ నీగ్రోల పరిస్థితీ ఒకటేలా ఉందని. ఆ తమ్ముడు ప్యానెల్‌లో చెప్పింది అదే మాట.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళకండి. రెండు పోస్టులు తీసేశాను. ఆ అమ్మాయికి శుక్రవారం గడువుంది, గుర్తుంచుకోండి.

గ్రాంట్_మేష్టారు:
నేను 14 ఏళ్ళుగా ఫౌండేషన్లలోనే ఉన్నాను, ప్రోగ్రాం ఆఫీసర్‌గా మొదలుపెట్టాను. పేరు మార్పు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి వినండి. అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళల వ్యాపారాలకి 20 వేల డాలర్ల గ్రాంట్లు ఇచ్చేది. ఒకే జాతికి ఇవ్వడం వివక్షేనన్న కేసులో 2024 జూన్‌లో అప్పీళ్ళ కోర్టు ఆపేసింది, సెప్టెంబరులో రాజీ పడి ఆ గ్రాంట్ మూసేశారు. వాడిన చట్టం ఏదో తెలుసా? 1866 నాటిది, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం చేసింది. ఆ తర్వాత 2025 జనవరి 21న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు. అందులో 500 మిలియన్ డాలర్లు, ఆపైన ఆస్తులున్న ఫౌండేషన్ల మీద కూడా దర్యాప్తుకి అవకాశాలు చూడమన్నారు. అందుకే లాయర్లు పేర్లు మారుస్తున్నారు. పేరు మారినా పని మారిందో లేదో 990-పీఎఫ్‌లో (ఫౌండేషన్లు ఏటా పన్ను శాఖకిచ్చే లెక్కల ఫారం) తెలుస్తుంది. అది ఎవరైనా చూడొచ్చు. ప్రైవేట్ ఫౌండేషన్ ఏటా ఆస్తుల్లో సుమారు 5 శాతం ఖర్చు పెట్టి తీరాలి. ఎవరికి ఎంతిచ్చారో వరసగా ఉంటుంది. గత మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి చదువు. ఇక వీసా భయం వద్దు. నాన్‌ప్రాఫిట్ కాబట్టి హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లాటరీ ఉండదు.

తొంభై_రోజులు:
సర్, చివరి మాట తప్పు. నాన్‌ప్రాఫిట్ అయినంత మాత్రాన లాటరీ తప్పదు. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న నాన్‌ప్రాఫిట్, లేదా పరిశోధన సంస్థ అయితేనే మినహాయింపు. గ్రాంట్లిచ్చే మామూలు ఫౌండేషన్‌కి వర్తించదు.

గ్రాంట్_మేష్టారు:
14 ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి చెప్తున్నావా? మా ఆఫీసులో ముగ్గురికి అలాగే వచ్చింది.

తొంభై_రోజులు:
మీ ఫౌండేషన్ యూనివర్సిటీకి అనుబంధమా?

గ్రాంట్_మేష్టారు:
అవును. అయితే ఏంటి?

పద్దుల_పుస్తకం:
అందుకే వచ్చింది మేష్టారూ. ఆ అమ్మాయిది అలాంటిది కాకపోతే మీ మాట నమ్మి రెండేళ్ళ తర్వాత సూట్‌కేస్ సర్దుకోవాల్సి వస్తుంది. దయచేసి సరిదిద్దండి.

రెండు_జాబులు:
అక్కడ చలి ఎక్కువ. కారు కొంటే వింటర్ టైర్లకి కూడా డబ్బు పక్కన పెట్టుకో అమ్మా. నేను మొదటి డిసెంబరులోనే గుంటలో పడ్డాను.

ఖమ్మం_అమ్మాయి:
అందరికీ థాంక్స్. మా కోడ్ స్టెమ్ జాబితాలో ఉంది, మాది డేటా ట్రాక్. ఈ-వెరిఫై, డబ్ల్యూ-2 రెండూ అడుగుతూ మెయిల్ పెట్టాను. డబ్ల్యూ-2 ఇస్తామన్నారు, ఈ-వెరిఫై కనుక్కుని చెప్తామన్నారు. రాత్రి మూడేళ్ళ 990-పీఎఫ్‌లు చదివాను. రిజర్వేషన్‌లో భాష నేర్పే ఒక చిన్న సంస్థకి మూడేళ్ళూ ఇచ్చారు, ఏటా కొంచెం పెంచారు. పేరు మార్చినా డబ్బు ఆపలేదు. @ఇంటిపేరు_వద్దు అన్నా, నా వ్యాసంలో మా అమ్మమ్మ ఇంటి పెరట్లో విడిగా బోర్లించి ఉండే గ్లాసు గురించి రాశాను. అది ఎవరి కోసమో నాకు పద్నాలుగేళ్ళొచ్చేదాకా తెలియదు. ఆ గ్లాసు పెట్టింది మా ఇంట్లోనే. ఇంటర్వ్యూలో అదే అడిగారు, ఏడ్చేశాను.

ఇంటిపేరు_వద్దు:
రాశావు కదమ్మా. వెళ్ళు.

ఎర్రమట్టి_దారి:
వెళ్తే మొదటి వారమే ఫారం ఎన్ని పేజీలుందో లెక్కపెట్టి నాకు మెసేజ్ పెట్టు. నా పాత నోట్ పంపిస్తాను.

డెన్వర్_కొత్త:
నాకూ వచ్చే నెల ఇలాంటిదే ఇంటర్వ్యూ ఉంది. ప్యానెల్‌లో ఎంతమంది ఉంటారు?