తొమ్మిదో తరగతికి పర్యావరణ పాఠం: నెట్ సరిగా రాని ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

వేళచ్చేరి టీచర్: నమస్కారమండీ. చెన్నైలో తొమ్మిదో తరగతికి సైన్స్ చెబుతాను. ఈ ఏడాది పర్యావరణం కంప్యూటర్ మీదే చెప్పమన్నారు. ల్యాబ్‌లో అన్నీ పాత సిస్టమ్స్, ఇద్దరికొకటి. నెట్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. వీడియో వేస్తే వెనక బెంచీలు కునుకు తీస్తున్నాయి. ఖర్చు లేకుండా, పిల్లలే చేసేది ఏదైనా ఉందా?

భూగోళం మాస్టారు: పక్కనే పళ్లికరణై చిత్తడి నేల పెట్టుకుని అమెజాన్ అడవుల దాకా ఎందుకండీ? గూగుల్ ఎర్త్ ప్రో ఉచితమే, మీ ఇంట్లో దించుకోండి. పైన గడియారం బొమ్మ నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలు వరసగా వస్తాయి. చిత్తడి నేల, దాన్ని ఆనుకున్న పెరుంగుడి చెత్త దిబ్బ, చుట్టూ లేచిన కట్టడాలు అన్నీ కనబడతాయి. ఒకే ఎత్తు నుంచి, స్కేల్ గీత పడేలా చిత్రాలు సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ప్రింట్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి అంచు గీయించి, గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టించండి. సగం దాటిన గడి ఒకటి, దాటనిది వదిలేయడమే. ఎకరాల్లోకి మార్చేసరికి లెక్కల పీరియడ్ కూడా గడిచిపోతుంది.

చిత్రాలన్నీ ఒకే నెలవి కావాలి, ఇది మరిచిపోవద్దు. ఈశాన్య రుతుపవనాలకు నిండే నేల మేలో ఎండిపోతుంది. ఏదో ఒక మే పక్కన 2015 వరదల డిసెంబరు పెట్టారనుకోండి, చిత్తడి నేల పెరిగిందని రాసేస్తారు! అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లోకి 2022లో ఎక్కిన చోటు ఇది. ఆ గుర్తింపు ఎందుకిచ్చారో పిల్లల్నే వెతకమనండి.

ఫిజిక్స్ మేడమ్: వేడెక్కడం గురించి చెప్పాలంటే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ (PhET) అనే ఉచిత సైన్స్ సిమ్యులేషన్ల సైట్‌లో గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ దించుకోండి. ఒక్క ఫైలు, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. 1750, 2020 ఏళ్ల నాటి గాలిని మార్చి థర్మామీటర్ చూడొచ్చు. బటన్ నొక్కే ముందే "ఏమవుతుంది?" అని నోట్సులో రాయించండి, లేకపోతే వీడియో గేమ్ ఆడినట్టు నొక్కుకుంటూ పోతారు. ఓజోన్ చిల్లు వల్లే భూమి వేడెక్కుతోందనే వాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నేల నుంచి పైకి పోయే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను, అంటే వేడిని, వాయువులు ఎలా పట్టుకుంటాయో ఇందులో కళ్లకు కడుతుంది. ఆ అపోహ అక్కడే వదులుతుంది.

కోడింగ్ అన్న: జీవుల గుంపులు ఎలా మారతాయో కంప్యూటర్‌లో నడిపి చూపే నెట్‌లోగో మాటేంటి? తోడేళ్లూ గొర్రెల మోడల్ భలే ఉంటుంది. గడ్డి లేకుండా నడిపితే చివరికి ఏదో ఒకటి అంతరిస్తుంది. గడ్డి కలిపితే మామూలుగా మూడూ తూగుతాయి.

భూగోళం మాస్టారు: బాగుంటుంది బాబూ, కానీ ఆహార గొలుసు పాఠం వచ్చినప్పుడు. ఒక్క టర్మ్‌లో మూడు సాఫ్ట్‌వేర్లూ పెడితే మెనూలు నేర్పడానికే సరిపోతుంది.

వేళచ్చేరి టీచర్: అందరికీ థాంక్స్ అండీ. పళ్లికరణైతోనే మొదలుపెట్టాను. డిసెంబరు చిత్రాలకు మబ్బులు అడ్డొస్తున్నాయి, ఎలా?

భూగోళం మాస్టారు: జనవరి, ఫిబ్రవరి చూడండి. మబ్బు తక్కువ, నీళ్లు ఇంకా ఉంటాయి. ఆ నెలలూ కుదరకపోతే చెత్త దిబ్బనే కొలిపించండి, దానికి వానాకాలంతో పని లేదు. కాకపోతే ఈ మధ్య బయోమైనింగ్ పెట్టి, అంటే పాత చెత్తను తవ్వి వేరుచేసి, తీస్తూ వచ్చారు. మొదటిదీ చివరిదీ మాత్రమే చూస్తే అసలు అంత పెరిగిన సంగతే తెలియకుండా పోవచ్చు. నడుమ ఒక ఏడాది చిత్రం కూడా తప్పకుండా పెట్టండి.