రేడియో నెట్‌వర్క్ మోడల్‌లో మెసేజ్‌లు ఢీకొనడం చూపాలా, వద్దా?

ఇందుకూరుపేట కుర్రాడు: ఎంటెక్ ప్రాజెక్టుకి రొయ్యల చెరువుల సెన్సర్ నెట్‌వర్క్ తీసుకున్నా. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోతే గేట్‌వేకి, అంటే సెన్సర్ల మెసేజ్‌లు అందుకునే పెట్టెకి, మెసేజ్ వెళ్లాలి, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ తిరగాలి. దాని మోడల్‌ని మిల్నర్ 1980 నాటి సీసీఎస్ అనే గణిత పద్ధతిలో రాశా: పంపేది, అందుకునేది రెండూ సిద్ధంగా ఉంటేనే మెసేజ్ జరుగుతుంది. చాలదా?

ఒంగోలు గిత్త: చాలదు తమ్ముడూ. రేడియో ఎవరి కోసమూ ఆగదు, వినేవాళ్లు లేకపోయినా పంపేస్తుంది. ప్రసాద్ గారి సీబీఎస్ లాంటి బ్రాడ్‌కాస్ట్ కాల్కులస్ (ప్రసారాన్ని గణితంగా రాసే పద్ధతి) పట్టుకో. ఒకరు పలికితే ఒకే అడుగులో అందరికీ చేరుతుంది.

కావలి అక్క: ఆ ఒకే అడుగు దగ్గరే నా పేచీ. తూర్పు చెరువు సెన్సర్‌కి పడమర చెరువుది వినపడదు, మధ్యలో షెడ్డులో ఉన్న గేట్‌వేకి రెండూ వినపడతాయి. తూర్పుది సగం పంపేసరికి పడమరది మొదలెడితే గేట్‌వే దగ్గర రెండూ చెడతాయి. (లోరా రకం రేడియోల్లో గట్టి సిగ్నల్ ఒక్కోసారి బతుకుతుంది, అది వేరే పంచాయితీ.) పంపడం ఒకే అడుగైతే ఆ ‘సగం’ ఎక్కడ రాస్తారు? మెజెట్టీ, సాంజోర్జీ అనే పరిశోధకులు 2006లో తమ కాల్కులస్‌లో ప్రసారం మొదలును, ముగింపును వేర్వేరు ఘటనలు చేసింది ఇందుకే.

ఒంగోలు గిత్త: అన్నీ పెడితే స్థితులు పెరిగిపోయి, వాటన్నిటినీ వెతికి చూసే మోడల్ చెకర్ సాఫ్ట్‌వేర్ చతికిలబడుతుంది అక్కా. ఏడబ్ల్యూఎన్ అనే వైర్‌లెస్ కాల్కులస్‌లో ఢీకొనడమే లేదు, రేంజ్‌లో ఉన్నవాళ్లందరికీ చేరినట్టే. అయినా దాంతోనే, మెసేజ్‌కి దారి వెతికే (రూటింగ్) ఏఓడీవీ ప్రోటోకాల్ 2003 నాటి ప్రమాణాన్ని కొన్ని రకాలుగా అర్థం చేసుకుంటే రూటింగ్ లూపులు, అంటే దారి తిరిగి తిరిగి అక్కడికే రావడం, వస్తాయని తేల్చారు.

కావలి అక్క: అది రూటింగ్ ప్రశ్న. ఈ అబ్బాయిది హెచ్చరిక చేరుతుందా లేదా అన్నది. చేరుతుందని మోడల్‌లోనే రాసేసుకుని, చేరుతుందని నిరూపిస్తే ఏం నిరూపించినట్టు?

ఒంగోలు గిత్త: ఎప్పుడైనా పోవచ్చని రాస్తే మాత్రం? ఏ ప్రోటోకాలూ నెగ్గదు. తప్పు ప్రోటోకాల్‌దా, గాలిదా? తేలేదెట్టా?

కావలి అక్క: ఊరికే పోవడం వేరు, ఢీకొని పోవడం వేరు. జవాబు రాకపోతే రెండు సెన్సర్లూ ఒకే వ్యవధి ఆగి మళ్లీ పంపాయనుకో, మళ్లీ ఢీ. అది గాలి తప్పు కాదు. పైగా తెల్లవారుజామున పక్కపక్క చెరువుల్లో డీఓ దాదాపు ఒకేసారి పడుతుంది. హెచ్చరికలు ఢీకొనేదీ సరిగ్గా అప్పుడే.

ఒంగోలు గిత్త: టైమర్ల వరకు ఒప్పుకుంటా. చెరువు నుంచి చెరువుకి మెసేజ్ దూకాల్సి వస్తే అది రూటింగే, అక్కడ నా మాట నాదే.

ఇందుకూరుపేట కుర్రాడు: అయితే ముందు రెండు సెన్సర్లు, ఒక గేట్‌వే రాస్తా. గేట్‌వే పంపుతున్నప్పుడు వినలేదు కదా, అదీ పెట్టాలా?

కావలి అక్క: పెట్టాలి. తూర్పు ఏరేటర్‌కి అది ఆర్డర్ పంపుతుంటేనే పడమర హెచ్చరిక రావచ్చుగా.