సిగ్నల్‌లో ఆగితే ఏసీ నుంచి వేడిగాలి, గ్యాస్ పట్టించినా అంతే

బెజవాడ_బండి:
అందరికీ నమస్తే. నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాలుగా ఏసీ సతాయిస్తోంది. బయల్దేరినప్పుడు చల్లగానే ఉంటుంది. బెంజి సర్కిల్ సిగ్నల్‌లో రెండు నిమిషాలు ఆగితే చాలు, ఇక వేడిగాలే. మొన్న ఏలూరు వెళ్లాం, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. ఇంటి దగ్గర షాపులో గ్యాస్ తక్కువైందని 1,800 తీసుకుని నింపారు. రెండు రోజులకు మళ్లీ అదే కథ. ఇప్పుడేమో కంప్రెసర్ పోయింది, మార్చాలంటున్నారు. వెనక సీట్లో అమ్మ, చంటిపిల్ల. మే నెల ఎండలు. నిజంగా కంప్రెసరేనా?

గోదారి_గట్టు:
ఏసీ గ్యాస్ ఏడాదికోసారి పట్టించుకోవాల్సిందే కదండీ. నేను ఏటా ఉగాది కాగానే పట్టిస్తాను.

కరీంనగర్_మెకానిక్:
గోదారి గారూ, అది పెట్రోలు కాదండీ, వాడితే అయిపోవడానికి. మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. పైపులు, సీళ్ల నుంచి ఏళ్ల మీద కాస్త తగ్గితే తగ్గొచ్చు. ఏటా పట్టించాల్సి వస్తోందంటే మీ బండిలో లీక్ ఉంది. ముందు ఆ లీక్ ఎక్కడుందో చూపించుకోండి.

బెజవాడ తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. గ్యాస్‌ని నొక్కి తిప్పేది కంప్రెసర్, అది పూర్తిగా పోతే హైవే మీద కూడా చల్లబడదు. బండి నడుస్తుంటే ఎదురుగాలి కండెన్సర్‌ని, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందు జాలీని, చల్లారుస్తుంది. ఆగాక ఆ పని ఫ్యాన్ చేయాలి. అది చేయకపోతే ప్రెషర్ పెరిగిపోయి, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. అప్పుడు నీకొచ్చేది ఉత్త బ్లోయర్ గాలి. అయితే అరిగిన కంప్రెసర్ కూడా బండి ఆగినప్పుడే నీరసపడుతుంది. అందుకే ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టకుండా తేల్చకూడదు. అరిగిపోయి ఉంటే లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) ఎక్కువ, హై సైడ్ (బయటికి వెళ్లే వైపు) తక్కువ చూపిస్తుంది. ఫ్యాన్ తేడా అయితే రెండూ ఎక్కువే ఉంటాయి. షాపులో మీటర్లు పెట్టి చూశారా?

బెజవాడ_బండి:
మీటర్లు పెట్టలేదన్నా. పైపు చేత్తో పట్టుకుని చూసి చెప్పారు. కానీ ఫ్యాన్ తిరుగుతోంది, నిన్న నేనే చూశాను.

క్యాబ్_కష్టాలు:
బ్రో, నాకూ ఇలాగే అయింది హైదరాబాద్‌లో. రేడియేటర్ ముందుండే కండెన్సర్ నిండా దుమ్ము, పురుగులు, ఎండుటాకులు. కడిగిస్తే సగం నయమైంది. ఒక్క మాట, వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి. నావి రెక్కలన్నీ వంగిపోయాయి. మామూలు ట్యూబుతో నిదానంగా కడిగితే చాలు.

డాలస్_తెలుగు:
నాది వేరే రకం గొడవ. డ్రైవర్ వైపు చల్లగాలి, పక్క సీటు వైపు వేడిగాలి. మా ఆవిడ రోజూ తిట్లు. గ్యాస్ అనుకుని దుకాణంలో డబ్బా కొనబోయాను. మా బండికి ఆర్-1234వైఎఫ్ అనే కొత్త రకం గ్యాస్ కావాలి, పాత బండ్లలో వాడే ఆర్-134ఏ కాదు. ధర చూసి ఆగిపోయాను, అదే మంచిదైంది. డ్యాష్‌బోర్డు వెనక టకటక శబ్దం వస్తోందని తర్వాత గమనించాను. వేడిగాలి, చల్లగాలి కలిపే తలుపు తిప్పే చిన్న మోటారు పళ్లు విరిగాయట. గ్యాస్‌కీ దానికీ సంబంధమే లేదు.

కరీంనగర్_మెకానిక్:
బెజవాడ తమ్ముడూ, ఫ్యాన్ తిరుగుతోందన్నావు, ఎప్పుడు తిరుగుతోంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి. కంప్రెసర్‌ని ఇంజన్‌కి కలిపే క్లచ్ టక్‌మని పట్టుకోవాలి, దాంతోపాటే లేదా కాసేపట్లో ఫ్యాన్ మెల్లగా తిరగాలి. అలా కాకుండా ఇంజన్ బాగా వేడెక్కాక ఒక్కసారిగా గట్టిగా మొదలైతే, అది ఇంజన్ కోసం తిరుగుతోంది, ఏసీ కోసం కాదు. చాలా బండ్లలో మెల్లగా తిరిగే స్పీడు కరెంటు తగ్గించే ఒక రెసిస్టర్ మీదుగా వస్తుంది. అది కాలిపోతే పెద్ద స్పీడు ఒక్కటే మిగులుతుంది. చూసేటప్పుడు చేతులు దూరంగా పెట్టుకో, ఫ్యాన్ చెప్పి మొదలవదు.

పాలమూరు_పిల్లోడు:
క్లచ్ అసలు టక్‌మనకపోతే ముందు ఫ్యూజు, రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్) చూడండి. కొన్ని బండ్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకటే రకం. నేను రెండూ అటూ ఇటూ మార్చి చూశాను. ఏసీ వచ్చింది, హారన్ పోయింది. మన రోడ్ల మీద హారన్ లేకుండా ఇంటికి చేరడం... అది వేరే కథ.

బెజవాడ_బండి:
కరీంనగర్ అన్నా, మీకు దండం. పొద్దున ఏసీ వేసి ఎనిమిది నిమిషాలు నిలబడ్డాను. క్లచ్ టక్‌మంది, ఫ్యాన్ కదల్లేదు. టెంపరేచర్ ముల్లు మామూలు కంటే పైకి వెళ్లాక భుర్రుమని మొదలైంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే రెసిస్టర్ కాలి నల్లబడి ఉంది, దాని కనెక్టరూ కరిగింది. రెండూ మార్చి 950 తీసుకున్నాడు.

అయినా సిగ్నల్‌లో పూర్తిగా కుదురుకోలేదు. అక్కడి నుంచి ఇంకో ఏసీ షాపుకి వెళ్లాను. మెషిన్‌తో గ్యాస్ మొత్తం బయటికి తీసి తూచారు. బోనెట్ కింద స్టిక్కర్ మీద 380 గ్రాములని ఉంది. బయటికి వచ్చింది 520! పాత షాపువాళ్లు ఉన్నదాని మీదే ఇంకా కుక్కేశారన్నమాట. అరగంట వ్యాక్యూమ్ పెట్టి పైపుల్లో గాలంతా లాగేసి, లీక్ లేదని చూసుకుని, సరిగ్గా 380 ఎక్కించారు. సాయంత్రం బెంజి సర్కిల్‌లో కావాలనే రెండు సిగ్నళ్లు ఆగాను. అమ్మ ఏసీ తగ్గించమంది.

కరీంనగర్_మెకానిక్:
ఎక్కువైనా కూలింగ్ రాదు తమ్ముడూ, చాలామంది నమ్మరు. పాత గ్యాస్ తీసి తూచమని అడిగితే కొన్ని షాపుల్లో మొహం మాడుస్తారు. ఆ బిల్లు, స్టిక్కర్ ఫొటో దాచుకో.

గోదారి_గట్టు:
మా బండి రేపే లీక్ టెస్టుకి ఇస్తున్నాను. డ్యాష్‌బోర్డు లోపలుండే కూలింగ్ కాయిల్ కారుతుంటే మొత్తం విప్పాలంటారు, నిజమేనా?