“టు ద బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్” ఎక్కడ రాయాలి? ఆరు ఎర్ర సున్నాల కథ

కాలువ చివర:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల్లో నీటి ఉప్పదనం మీద రీసెర్చ్ చేస్తున్నాను. మొదటి పేపరు రాసి మా గైడుగారికి ఇస్తే, తిరిగొచ్చేసరికి మొదటి రెండు పేజీల్లోనే ఎర్ర సిరాతో ఆరు సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆరూ ఒకే మాట చుట్టూ: “టు ద బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్”. మార్జిన్లో “దేనికి?” అని ఒక్క ముక్క. వెళ్లి అడగాలంటే టెన్షన్. వినయంగా ఉంటుందనే రాశానండి. “నాకు తెలిసినంత వరకు” అని మనం రోజూ అంటూనే ఉంటాం కదా? మూడు వాక్యాలు తెలుగులో పెడుతున్నాను, చూసి చెప్పండి.

1. నాకు తెలిసినంత వరకు, వన్నామీ రొయ్యను మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతి వచ్చింది.
2. నాకు తెలిసినంత వరకు, మేము 24 చెరువుల నుంచి నీళ్లు పట్టాం.
3. నాకు తెలిసినంత వరకు, కాలువ చివరి చెరువుల్లో ఉప్పదనాన్ని నెల నెలా కొలిచిన మొదటి అధ్యయనం ఇదే.

పాత ఇంగ్లీషు మాస్టారు:
అమ్మాయీ, మీ గైడుగారు మంచివారు. నేనైతే “దేనికి?” అని ఊరుకునేవాణ్ణి కాదు.

రెండోదానితో మొదలుపెడదాం, నవ్వొచ్చేది అదే. సీసాలు పట్టుకుని గట్టు దిగింది మీరే. 24 చెరువులో 23 చెరువులో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సొంతంగా చేసిన పనికి ఈ మాట తగిలిస్తే, చదివేవాడు “లెక్క రాసుకోలేదేమో” అనుకుంటాడు. కొట్టెయ్యండి.

మొదటిది ఇంకో రకం తప్పు. 2009 అన్నది వెతికితే దొరికే సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. స్వర్ణ వరి మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. ఇలాంటివి చూసి, ఎక్కడ చూశారో ఆధారం ఇచ్చి, సూటిగా రాయాలి. అరగంట వెతికితే తేలిపోయేదానికి “నాకు తెలిసినంత వరకు” అంటే అది వినయం కాదు, బద్ధకం. కోపం తెచ్చుకోకండి, ఈ మాట నలభై ఏళ్లు క్లాసులో చెప్పాను.

ఈ మాటకు అసలైన చోటు మూడో వాక్యమే. “ఇంతకు ముందు ఎవరూ చెయ్యలేదు” అనేది పూర్తిగా రుజువు చెయ్యగలిగిన సంగతి కాదు. ఉందని చూపడానికి ఒక్క పేపరు చాలు, లేదని చూపాలంటే లోకమంతా గాలించాలి. అది ఎవరి వల్లా కాదు కాబట్టి “మేము వెతికిన మేరకు కనబడలేదు” అని హద్దు గీస్తారు. అంటే వెతకడం ముందు జరగాలి, మాట తర్వాత రావాలి. ఏయే డేటాబేసులు, ఏ పదాలతో, ఏ సంవత్సరం దాకా చూశారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు రివ్యూ చేసేవారు “ఫలానా పేపరు చూడలేదా?” అని అడిగితే ఈ మాట మిమ్మల్ని అబద్ధం నుంచి తప్పిస్తుందే గాని, అజాగ్రత్త నుంచి తప్పించదు.

ఇంకోటి. పేపరు మీద మీ పేరు ఒక్కటే ఉంటుందా?

కాలువ చివర:
లేదు మాస్టారూ, గైడుగారి పేరు కూడా ఉంటుంది.

పాత ఇంగ్లీషు మాస్టారు:
అయితే “మై” కాదు, “అవర్”. ఆరో సున్నా దానికే అయి ఉంటుంది.

కొబ్బరి తోట:
ఆయ్, మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మా ఆఫీసులో అందరూ “అప్ టు మై నాలెడ్జ్” అని రాస్తారు, లేకపోతే “యాజ్ పర్ మై నాలెడ్జ్”. అవి రైటేనా?

పాత ఇంగ్లీషు మాస్టారు:
మొదటిది అచ్చంగా మన తెలుగే బాబూ, ఇంగ్లీషు చొక్కా తొడుక్కుంది. “తెలిసినంత వరకు”లో “వరకు” ఉంది కదా, దాన్ని “అప్ టు” చేసేశాం. ఇంగ్లీషువాడు ఇక్కడ “వరకు” అనడు, “నా తెలివిడి ఎంత దూరం పోతే అంత దూరం” అనే అర్థంలో “టు ద బెస్ట్ ఆఫ్” అంటాడు. “యాజ్ పర్” నిబంధనకో, ఆర్డరుకో, బిల్లుకో సరిపోతుంది, మనిషి తెలివిడికి అతకదు. ముందున్న “టు ద” తీసేసి ఉత్త “బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్” అనేవారూ ఉన్నారు, అదీ తప్పే.

“యాజ్ ఫార్ యాజ్ ఐ నో” తప్పు కాదు. అది మన “నాకు తెలిసి” లాంటిది. “నాకు తెలిసి రాజోలు బస్సు వెళ్లిపోయిందండి” అంటాం చూడండి, అంత తేలిక. ఈమెయిల్లో పర్వాలేదు, పేపర్లో వద్దు. ఇక పై అధికారి “ఈ ఫైలు మీద ఎవరైనా ఫిర్యాదు ఇచ్చారా?” అని అడిగితే “నాట్ టు మై నాలెడ్జ్” అని జవాబిస్తారు. మన పాత కాగితాల్లో “నా ఎరుకలో లేదు” అని ఉండేది. ఎంత చక్కటి మాటో, పోగొట్టుకున్నాం.

కొబ్బరి తోట:
థాంక్స్ మాస్టారూ. అసలు నా గొడవ వేరే ఉంది. 1996 నవంబరు తుఫానులో మా ఇంటి స్థలం కాగితాలు పోయాయి. ఇప్పుడు కోర్టు పని మీద నాన్నగారితో అఫిడవిట్ వేయించాలి. టైపు చేసిన ఫారం ఇచ్చారు, చివర “పైవన్నీ టు ద బెస్ట్ ఆఫ్ మై నాలెడ్జ్ అండ్ బిలీఫ్ నిజం” అని ఉంది. ఆ స్థలం కొన్నది మా తాతగారు, అప్పటికి నాన్నగారు పుట్టనే లేదు. సంతకం పెట్టేయొచ్చా?

దస్తావేజుల బాబాయి:
పెట్టొద్దు. ఒక్కరోజు ఆగండి.

నేను లేఖరిగా చాలా కాగితాలు రాశాను. ఈ ఒక్క వాక్యం అన్నిటికీ కలిపి తగిలిస్తే ఏది కళ్లారా చూసిందో, ఏది చెవిన పడిందో తెలియకుండా పోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19, రూల్ 3 ప్రకారం అఫిడవిట్లో సొంతంగా తెలిసి, తాను రుజువు చెయ్యగలిగిన సంగతులే ఉండాలి. మధ్యంతర అర్జీల్లో, అంటే కేసు నడుస్తుండగా మధ్యలో వేసే అర్జీల్లో మాత్రం నమ్మకాన్ని కూడా చెప్పొచ్చు, కానీ ఆ నమ్మకానికి కారణం రాయాలి. స్వయంగా తెలియని సంగతైతే ఎవరి వల్ల తెలిసిందో బయటపెట్టాలని సుప్రీంకోర్టు 1952లోనే చెప్పింది.

అందుకని పేరాలకు నంబర్లు వేసి విడగొట్టండి. ఇలాగ: “1 నుంచి 3 పేరాల్లోనివి నాకు స్వయంగా తెలిసినవి. 4వ పేరాలో మా తండ్రి స్థలం కొన్న సంగతి మా తల్లి చెప్పగా విని, నిజమని నమ్ముతున్నాను. 5వ పేరాలోనిది పంచాయతీ పన్ను రసీదు చూసి చెబుతున్నాను.” తుఫాను రాత్రి పెట్టె తడవడం నాన్నగారు చూశారా? చూస్తే 1 నుంచి 3 లోకి వెళుతుంది. తెల్లారాక ఎవరో చెబితే 4లోకి.

కొబ్బరి తోట:
చూశారండి. పెట్టె ఎత్తి అటక మీద పెడుతుంటే పైకప్పు లేచిపోయిందట. “అట” ఏమిటి, ఆయనే చెప్పారు నాకు.

దస్తావేజుల బాబాయి:
మీకు “అట”, ఆయనకు కాదు. సరిగ్గా ఈ తేడానే కాగితం మీదకు రావాలి.

“బిలీఫ్ అని రాశాం కాబట్టి ఏమన్నా చెల్లిపోతుంది” అని కొందరు ధైర్యం చెబుతారు, వినకండి. తప్పుడు సాక్ష్యం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత 227వ సెక్షన్ వివరణలో ఉంది: నమ్మని దాన్ని నమ్ముతున్నానని చెప్పినా, తెలియని దాన్ని తెలుసని చెప్పినా తప్పుడు సాక్ష్యమే కావచ్చు. పాత ఐపీసీలో అది 191. అక్కడే ఒక ఉదాహరణ: ఒకడు ఫలానావారి చేతిరాత ఎరిగినవాడు, ఒక సంతకం వారిదేనని తాను నమ్ముతున్నట్టు చిత్తశుద్ధితో చెప్పాడు. తీరా అది వారిది కాదని తేలినా అతనిది తప్పుడు సాక్ష్యం కాదు, ఎందుకంటే అతను చెప్పింది తన నమ్మకం గురించి, ఆ నమ్మకం నిజమైనది. చివరి డ్రాఫ్టు మాత్రం మీ వకీలుకు చూపించాకే సంతకం చేయించండి.

చెరువుగట్టు:
మరి బయోడేటా అడుగున డిక్లరేషన్లో ఉంటుంది కదండి ఇదే మాట? నా పేరు, పుట్టిన తేదీ నాకు తెలియవా!

దస్తావేజుల బాబాయి:
అది ఆనవాయితీ. ఉంచండి, ఎవరూ పట్టించుకోరు.

కాలువ చివర:
మాస్టారూ, అయిదు చోట్ల తీసేశాను. మిగిలిన ఒక్కటీ ఇలా మార్చాను: “టు ద బెస్ట్ ఆఫ్ అవర్ నాలెడ్జ్ దిస్ మే ప్రాబబ్లీ బీ ద ఫస్ట్ స్టడీ” అని.

పాత ఇంగ్లీషు మాస్టారు:
గొడుగు వేసుకుని, దాని మీద తాటాకు, దాని మీద గోనె సంచి! “మే” తీసెయ్యండి, “ప్రాబబ్లీ” తీసెయ్యండి, “ఈజ్” పెట్టండి. హద్దు ముందే గీశారు కదా. “కాలువ చివరి చెరువులు” అంటే గోదావరి జిల్లాలు మొత్తమా?

కాలువ చివర:
కాదండి, మా రెండు మండలాలే.

పాత ఇంగ్లీషు మాస్టారు:
ఆ రెండు మండలాల పేర్లూ వాక్యంలో రాయండి. నాలెడ్జ్ తర్వాత కామా మర్చిపోయారు.