గెలాక్సీలను అమర్చడానికి హాలో ద్రవ్యరాశి ఒక్కటే చాలునా?

వేగుచుక్క:
కృష్ణ పదార్థం మాత్రమే ఉన్న కంప్యూటర్ సిమ్యులేషన్లలో గెలాక్సీలు వాటంతట అవి పుట్టవు కనుక, ఏ హాలోలో (గురుత్వంతో గుమిగూడిన కృష్ణ పదార్థపు ముద్దలో) ఎన్ని గెలాక్సీలు ఉంచాలో మనమే ఒక సూత్రం పెట్టుకోవలసి వస్తుంది. వాడుకలో ఉన్న పద్ధతిలో ఆ సంఖ్య హాలో ద్రవ్యరాశిపైనే ఆధారపడుతుంది: ఒక స్థాయి దాటిన హాలోకు నడుమ ఒక కేంద్ర గెలాక్సీ, బరువు పెరిగేకొద్దీ చుట్టూ మరిన్ని ఉపగ్రహ గెలాక్సీలు. సాధారణంగా ఐదు పరామితులతో, అంటే మనం సర్దుకోగల ఐదు సంఖ్యలతో, పని జరిగిపోతుంది. ఇంతకు మించి చేరిస్తే ఏ పరిశీలనకైనా నమూనాను సరిపెట్టవచ్చు. అప్పుడిక విశ్వం గురించి మనకు తెలిసేదేమిటి?

నీహారిక:
ఆ భయం సబబైనదే గాని, సిమ్యులేషన్లు చెబుతున్నది వేరు. సుమారు వెయ్యి కోట్ల కణాలతో నడిపిన మిలీనియం సిమ్యులేషన్‌ను 2005లో పరిశీలించినప్పుడు, సమాన ద్రవ్యరాశి గల చిన్న హాలోలలో ముందుగా ఏర్పడినవి ఆలస్యంగా ఏర్పడినవాటికంటే ఎక్కువగా గుంపుకట్టి ఉన్నాయని తేలింది. గెలాక్సీలపై దీని ప్రభావాన్ని కొలిచే పరీక్ష నాకు ఎంతో నచ్చుతుంది. వాయువు, నక్షత్రాల పుట్టుక, కృష్ణబిలాలు వెదజల్లే శక్తి కూడా లెక్కలోకి తీసుకున్న సిమ్యులేషన్‌లో, సమాన ద్రవ్యరాశి గల హాలోల మధ్య గెలాక్సీల సమూహాలను తారుమారు చేస్తారు; ప్రతి సమూహం లోపలి అమరిక చెదరదు, అది ఏ హాలోకు చెందుతుందన్నదే మారుతుంది. ద్రవ్యరాశి ఒక్కటే చాలితే పెద్ద దూరాలలో గుంపుకట్టే తీరు మారకూడదు. అటువంటి సిమ్యులేషన్లలో ఒకటైన, పక్కకు సుమారు 30 కోట్ల పార్సెక్కుల (దాదాపు వంద కోట్ల కాంతి సంవత్సరాల) కొలత గల టీఎన్‌జీ300 పెట్టెలో మాత్రం అది దాదాపు 15 శాతం తగ్గింది. శాతం స్థాయి కచ్చితత్వం కోరే గెలాక్సీ సర్వేలకు ఇది ఉపేక్షించదగిన తేడా కాదు.

తోకచుక్క:
ఆ 15 శాతం టీఎన్‌జీ లోకానిది, మన విశ్వానిది అని తేలలేదు. కృష్ణబిలాల ప్రభావాన్ని ఏ సిమ్యులేషనూ మూలసూత్రాల నుంచి రాబట్టదు, స్థూలమైన సూత్రాలతో నెట్టుకొస్తుంది. ఆకాశం నుంచి వచ్చిన సాక్ష్యమే చూద్దాం: గుంపుకట్టే తీరుకు సరిపెట్టిన నమూనాలు ఊహించినదానికంటే, సీమాస్ అనే సర్వే జాబితాలోని భారీ గెలాక్సీల గురుత్వ లెన్సింగ్ సంకేతం (వాటి చుట్టూ ఉన్న పదార్థం వెనుకనుంచి వచ్చే కాంతిని వంచే తీరు) 20 నుంచి 40 శాతం తక్కువగా ఉందని 2017లో వెల్లడైంది. దానికి హాలోల చరిత్ర కారణమా, బయటకు నెట్టబడిన వాయువు కారణమా, విశ్వ పరామితులే తేడాగా ఉన్నాయా అన్నది ఒక్క కొలతతో విడదీయలేము.

వేగుచుక్క:
అయితే చిన్న దూరాల సమాచారాన్ని వదిలేసి, పెద్ద దూరాలలో, గెలాక్సీలు పదార్థంతో పోలిస్తే ఎంతగా గుంపుకడతాయో చెప్పే ఒకే గుణకంతో సరిపెట్టుకోవడం క్షేమం కాదా?

నీహారిక:
క్షేమమే, కాని సర్వేలు కష్టపడి సేకరించిన సమాచారంలో చాలా భాగం చిన్న దూరాలలోనే ఉంది. తోకచుక్క గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే నేను కోరేది ఒక్క అదనపు పరామితి: హాలో చుట్టూ ఉన్న పదార్థ సాంద్రత. టీఎన్‌జీలో ఆ 15 శాతం లోటును హాలో ఏర్పడిన కాలం కంటే ఇదే బాగా పూడ్చింది. దాని విలువను సిమ్యులేషన్ నుంచి అరువు తెచ్చుకోకుండా, సున్నాకు కూడా చోటిచ్చి, లెన్సింగ్‌ను, గుంపుకట్టే తీరును కలిపి సరిపెట్టాలి. సున్నాయే వస్తే మీ ఐదు పరామితులే మిగులుతాయి.