రేషన్, అంగన్‌వాడీ సంగతి వార్డు మెంబరు ఎక్కడ అడగాలి?

తండా వార్డు మెంబరు:
అందరికీ నమస్కారం. తెలంగాణలో 2025 డిసెంబరులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా తండా నుంచి వార్డు మెంబరుగా గెలిచాను. 2018లో 500 జనాభా ఉన్న తండాలు సొంత పంచాయతీలయ్యాయి. మాది చిన్నది, అందుకే పెద్ద ఊరి కిందే ఉండిపోయింది. రేషన్ షాపూ అంగన్‌వాడీ రెండూ ఆ ఊళ్లోనే.

ముసలివాళ్ల వేలిముద్రలు పడట్లేదు. ఏళ్ల తరబడి పత్తి ఏరి, నాట్లేసి వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి. మా పక్కింటి ముసలమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒక్కో వేలూ పెట్టి చూస్తుంది. మిషన్ ఒప్పుకోదు. డీలరు రేపు రమ్మంటాడు. రేపు పోతే సర్వర్ లేదంటాడు. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కదా, ఈమెకు కొన్ని నెలలుగా గింజ కూడా రాలేదు. ఒంటరి మనిషి, ఏం తింటుంది?

సర్పంచి గారిని అడిగితే, "అది సివిల్ సప్లయ్ వాళ్ల పని, పంచాయతీకి సంబంధం లేదు" అన్నారు. నిజమేనా?

మాజీ సర్పంచి, సంగారెడ్డి జిల్లా:
సంబంధం లేకపోవడమేంటి చెల్లీ! 2013 ఆహార భద్రత చట్టం తీసి చూడు. రేషన్ పంపిణీ మీద సామాజిక తనిఖీ (అంటే జనం ముందు లెక్కలు సరిచూడటం) పంచాయతీల లాంటి స్థానిక సంస్థలు చేయాలని 28వ సెక్షన్‌లో ఉంది. 29వ సెక్షన్ ప్రకారం ప్రతి షాపుకూ విజిలెన్స్ కమిటీ, అంటే నిఘా కమిటీ, ఉండాలి. అందులో స్థానిక సంస్థలకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, దిక్కులేనివాళ్లకు లేదా వికలాంగులకు చోటివ్వాలి.

మా ఊళ్లో ఆ కమిటీ కాగితం మీదే ఉండేది. గ్రామసభలో నేను ఒక్కటే అడిగాను, సభ్యుల పేర్లు చదవండి అని. చదివితే, అందులో ఇద్దరు అక్కడే కూర్చుని ఉన్నారు. తాము మెంబర్లమని వాళ్లకే తెలియదు! కొత్త కమిటీ కావాలని అప్పుడే తీర్మానం రాయించి తహసీల్దారుకు పంపాం.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. నువ్వు అక్కడ డీలరుతో గొడవ పెట్టుకోకు. "రేషన్ సక్రమంగా ఇవ్వాలి" అని రాయించినా లాభం లేదు, అలాంటి తీర్మానాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఏ నెల, ఎవరి కార్డు, ఎన్ని కిలోలు రావాలి, ఎన్ని వచ్చాయి, ఎందుకు ఆగింది, ఇవన్నీ కార్యదర్శి చేత మినిట్స్ పుస్తకంలో ఎక్కించు. సంతకం పెట్టేముందు చదివించుకుని విను. కాపీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, గ్రామ స్థాయిలో ఫీజు లేదు.

రేషన్ డీలరు, నల్గొండ:
మేడం, నేనూ డీలర్నే. వేలిముద్ర పడకపోతే ఐరిస్‌తోనో (కంటిపాప స్కాన్), ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనో ఇచ్చే వీలుంది. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు నంబరు లింక్ అయి ఉండాలి. చాలామంది పెద్దవాళ్లకు అది లేదు. ఆధార్ క్యాంపు తండాలోనే పెట్టించండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

సర్వర్ మాట ప్రతిసారీ నమ్మకండి. ఏ షాపులో ఏ రోజు ఎవరికి ఎంత ఇచ్చారో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆరోజు మిగతావాళ్లకు ఇచ్చి ఉంటే సర్వర్ పనిచేసినట్టే కదా. ఇంకో మాట, కార్డు ఉన్నవాళ్లు వేరే షాపులోనూ తీసుకోవచ్చు. కష్టమైతే రేషన్ ఫిర్యాదుల నంబరు 1967కు ఫోన్ చేయండి.

తండా వార్డు మెంబరు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. కమిటీ పేర్లు నేనూ అడుగుతాను. అంగన్‌వాడీ సంగతి కూడా చెప్పండి. గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం భోజనం అంగన్‌వాడీ కేంద్రంలోనే తినాలంటారు. నెలలు నిండినవాళ్లు ఎండలో అంతదూరం ఎలా నడుస్తారు? గుడ్డూ పాలూ ఉన్నా వాళ్లకు అందట్లేదు.

రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్:
నడవమని చెప్పకు తల్లీ, తండాకే కేంద్రం అడుగు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం కోరితే మూడు నెలల్లోపు ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాయి. కూలికి వలసపోయిన వాళ్ల పిల్లల్ని మర్చిపోకు, సర్వేల్లో ముందు జారిపోయేది వాళ్లే. 40 మంది ఉంటే గ్రామసభ తీర్మానం జతచేసి సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే అధికారి) ఆఫీసులో అర్జీ ఇవ్వు. రసీదు మీద తేదీ వేయించుకో. మూడు నెలల లెక్క ఆ తేదీ నుంచే.